ఓల్డర్ అడల్ట్ మెంటల్ హెల్త్ వార్డ్‌లో సపోర్ట్ వర్కర్ పని ఎలా ఉంటుంది? పదకొండేళ్ళుగా చేస్తున్నదాన్ని, తెలిసింది చెప్తున్నా

చెల్లీ, నువ్వు రాసింది మొత్తం చదివా. బీటెక్ సివిల్ చేశావు, మీ ఆయన వీసా మీద డిపెండెంట్‌గా వచ్చి ఎనిమిది నెలలు ఇంట్లోనే ఉన్నావు, ఇప్పుడు ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడ బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవలో, ముసలివాళ్ళ మెంటల్ హెల్త్ వార్డ్‌లో సపోర్ట్ వర్కర్ ఇంటర్వ్యూ వచ్చింది, రెండు వారాలే టైమ్ ఉంది. అసలు ఆ పనేంటి, కొడతారా, ప్యాడ్లు మార్చడమేనా, ఇంత చదివి ఆ పనా అని ఇంట్లో అంటున్నారు ఏం చెప్పాలి, తాళి వేసుకోనిస్తారా, ఇవీ నీ ప్రశ్నలు. మాది ఒంగోలు దగ్గర, యార్క్‌షైర్‌లో పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తున్నా, అందుకే అన్నిటికీ చెప్తా. నీకంటే పెద్దదాన్ని కాబట్టి నువ్వు అంటున్నా, ఏమనుకోకు. పేషెంట్ల గురించి చెప్పేచోట ఎవరో తెలియకుండా వివరాలు కొన్ని మార్చాను, ఆ అలవాటు నీకూ మొదటి రోజు నుంచే ఉండాలి.

ముందు అక్కడ ఎవరుంటారో చెప్తా. మన ఊళ్ళో పిచ్చాసుపత్రి అనే మాట వినగానే మనసులో వచ్చే బొమ్మ ఒకటి ఉంటుంది చూడు, దాన్ని పక్కన పెట్టెయ్. మామూలుగా 65 దాటినవాళ్ళు ఉంటారు. చాలా చోట్ల రెండు రకాల వార్డులు ఉంటాయి, ఒకటి ఆర్గానిక్ అంటారు, అంటే డిమెన్షియా ఉండి, ఇంట్లోగానీ కేర్ హోమ్‌లోగానీ తట్టుకోలేనంతగా ఆందోళన పడేవాళ్ళు. రెండోది ఫంక్షనల్, అంటే డిప్రెషన్, బైపోలార్, స్కిజోఫ్రీనియా లాంటివి, కొందరికి ముప్ఫై ఏళ్ళ నుంచి ఉన్న జబ్బు, కొందరికి భార్యో భర్తో పోయాక డెబ్భై ఐదేళ్ళకి మొదటిసారి వచ్చినది. నీ ఇంటర్వ్యూ ఏ వార్డ్‌కో కనుక్కో, ఎందుకంటే పని చాలా తేడా. ఆర్గానిక్‌లో ఒంటికి శ్రమ ఎక్కువ, ఫంక్షనల్‌లో మాటలతో, కనిపెట్టుకుని ఉండడంతో పని ఎక్కువ, నన్నడిగితే రెండోదే ఎక్కువ అలసట.

కొందరు ఇష్టపడే చేరతారు, కొందరు సెక్షన్ మీద, అంటే ఇష్టం లేకున్నా చట్టప్రకారం ఉంచినవాళ్ళు, ఉంటారు. 1983 మెంటల్ హెల్త్ యాక్ట్ కింద సెక్షన్ 2 అంటే పరీక్షించి చూడ్డానికి 28 రోజుల వరకు ఉంచొచ్చు, సెక్షన్ 3 అంటే ట్రీట్‌మెంట్ కోసం 6 నెలల వరకు, అవసరమైతే పొడిగిస్తారు. నీకు ఇవి బట్టీ అవసరం లేదు, కానీ తలుపు దగ్గర నిలబడి నేను ఇంటికి పోతా అనే మనిషి సెక్షన్ మీద ఉన్నాడా లేదా అన్నది షిఫ్ట్ మొదలవగానే నీకు తెలిసి ఉండాలి, ఎందుకంటే ఇష్టపడి చేరిన మనిషిని నువ్వు ఆపేసి కూర్చోబెట్టే హక్కు నీకు లేదు, పరిగెత్తుకెళ్ళి నర్స్‌కి చెప్పాలి, అంతే.

షిఫ్ట్ సాధారణంగా పన్నెండు గంటల పైనే ఉంటుంది. పొద్దున హ్యాండోవర్, అంటే ముందు షిఫ్ట్ వాళ్ళు సంగతులు అప్పజెప్పడం, తర్వాత లేపడం, స్నానాలు, టిఫిన్, బీపీ టెంపరేచర్ చూడ్డం, ఎవరు ఎంత తిన్నారు ఎంత తాగారు రాయడం, మధ్యాహ్నం ఎవరినో స్కాన్‌కి తీసుకెళ్ళడం, చుట్టాలు రావడం, సాయంత్రం నాలుగు దాటాక డిమెన్షియా వాళ్ళకి కంగారు పెరగడం, రాత్రి నోట్స్. ఇదంతా ఇండక్షన్‌లో చెప్తారు, కేర్ సర్టిఫికెట్ అని కొత్తవాళ్ళ ట్రైనింగ్ కూడా చేయిస్తారు, నేను అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది.

ఆ వార్డ్‌లో పేషెంట్‌ని అందరికంటే ఎక్కువసేపు చూసేది నువ్వే. కన్సల్టెంట్, అంటే పెద్ద డాక్టర్, వారానికోసారి వార్డ్ రౌండ్‌లో పది పదిహేను నిమిషాలు చూస్తారు, నర్స్‌కి మందులు, ఫోన్లు, పేపర్‌వర్క్‌తోనే సగం రోజు పోతుంది, నువ్వు మాత్రం ఆ మనిషి పక్కన కూర్చుని అన్నం తినిపిస్తావు, బట్టలు మారుస్తావు, బాత్రూంకి తీసుకెళ్తావు. కాబట్టి నువ్వు చూసి చెప్పింది, రాసింది, దాని మీదే మిగతావాళ్ళ నిర్ణయం నడుస్తుంది. నేను సపోర్ట్ వర్కర్నే కదా నా మాట ఎవరు వింటారు అని ఊరుకున్నావంటే నష్టపోయేది నోరులేని మనిషి. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నా.

నా రెండో ఏడాది. ఎనభై దాటిన ఒకాయన, డిమెన్షియా, మాట చాలా వరకు పోయింది, ఒకటీ అరా పదాలు. పెద్దమనిషి తరహా, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకునే మనిషి. ఉన్నట్టుండి లాంజ్‌లో అందరి ముందు ప్యాంటు కిందికి లాక్కోవడం మొదలుపెట్టాడు, గోడ మూలల్లోకి వెళ్ళి నిలబడతాడు, మళ్ళీ వస్తాడు, మళ్ళీ వెళ్తాడు, ప్యాడ్ మార్చబోతే చెయ్యి విసిరి కొట్టాడు. నేను నోట్స్‌లో ఏం రాశానంటే, ‘అసభ్యంగా ప్రవర్తించారు, బట్టలు విప్పుకున్నారు, పర్సనల్ కేర్ వద్దన్నారు, అగ్రెసివ్’ అని. రెండు రోజులు అదే రాశా, నా తర్వాత వచ్చినవాళ్ళు నాది చూసి అదే రాశారు. మూడో రోజు రాత్రి ఒక పెద్ద నర్స్, ఫిలిప్పీన్స్ ఆవిడ, నన్ను కూర్చోబెట్టి అడిగింది, ప్యాంటు లాక్కునే ముందు ఏం చేస్తున్నాడు, చెయ్యి ఎక్కడ పెట్టుకుంటున్నాడు, చివరిసారి ప్యాడ్ ఎప్పుడు పూర్తిగా తడిసింది అని. మూడో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, చార్ట్ తీసి చూస్తే ముందు రోజు నుంచి ప్యాడ్లన్నీ ‘కొంచెం తడి’ అనే ఉన్నాయి. బ్లాడర్ స్కానర్ తెచ్చి పొత్తికడుపు మీద పెడితే 900 ఎంఎల్ పైన చూపించింది. పాపం ఆయనకి మూత్రం ఆగిపోయింది, మలబద్ధకం కూడా తోడైంది, నొప్పితో బాత్రూం ఎక్కడో వెతుక్కుంటూ మూలలకి వెళ్ళి నిలబడ్డాడు, దొరక్క బట్టలు లాక్కున్నాడు, ఆ నొప్పి ఉన్నచోటే మేము చెయ్యి పెడితే కొట్టాడు. క్యాథెటర్, అంటే మూత్రం బయటికి తీసే గొట్టం, వేశాక నిద్రపోయాడు, మర్నాడు పొద్దున నేను టీ ఇస్తే కప్పు పట్టుకుని ‘థాంక్యూ, లవ్’ అన్నాడు. నేను స్టాఫ్ రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. అసభ్యం అనే మాట ఆయన రికార్డ్‌లో నా చేత్తో రాసింది, అది ఇప్పటికీ అక్కడే ఉంటుంది.

అప్పటి నుంచీ అగ్రెసివ్ అనే మాట నేను రాయను. ఏం చూశానో రాస్తా. ఎన్నింటికి, ఎక్కడ, ముందు ఏం జరిగింది, ఆయన ఏం చేశాడు, మేం ఏం చేశాం, తర్వాత ఏమైంది. ‘10.20 కి కుడి చెయ్యి పైకెత్తి చొక్కా తొడుగుతుంటే ముఖం చిట్లించి నా మణికట్టు పట్టుకున్నారు, ఎడమ చెయ్యి తొడిగినప్పుడు ఏమీ అనలేదు’ అని రాస్తే డాక్టర్ భుజం చూస్తాడు, అదే ‘స్నానం వద్దన్నారు, అగ్రెసివ్’ అని రాస్తే మందు పెంచుతాడు. నొప్పి అని నోటితో చెప్పలేనివాళ్ళకి ఆబీ పెయిన్ స్కేల్ అని ఒకటి ఉంది, ముఖం, మూలుగు, ఒళ్ళు ఎలా పెడుతున్నారు ఇలాంటివి చూసి మార్కులు వేస్తారు, అది అడిగి నేర్చుకో.

మందు పెంచడం గురించి కూడా చెప్పాలి ఇక్కడ. డిమెన్షియా ఉన్నవాళ్ళకి యాంటీసైకోటిక్ మందుల వల్ల, అంటే భ్రమలు, తీవ్రమైన ఆందోళన తగ్గించడానికి ఇచ్చేవాటి వల్ల, స్ట్రోక్, ప్రాణాపాయం పెరుగుతాయి. 2009లో ప్రొఫెసర్ సుబే బెనర్జీ ఇక్కడి గవర్నమెంట్ కోసం రిపోర్ట్ ఇచ్చారు, డిమెన్షియా ఉన్నవాళ్ళలో సుమారు 1,80,000 మందికి ఆ మందులు ఇస్తున్నారని, దాని వల్ల ఏడాదికి సుమారు 1,800 మంది అదనంగా చనిపోతున్నారని అంచనా వేశారు. లూయీ బాడీ డిమెన్షియా అనే రకంలో అయితే హాలోపెరిడాల్ లాంటివి పడితే మనిషి కొయ్యలా బిగుసుకుపోవచ్చు, ప్రాణానికే ముప్పు. మందు రాసేది నువ్వు కాదు నిజమే, కానీ నువ్వు రాసిన ఒక్క మాట ఆ ప్రిస్క్రిప్షన్ దాకా వెళ్తుంది.

ఇంకొకటి డెలీరియం, అంటే ఒంట్లో ఏదో తేడా వల్ల ఉన్నట్టుండి మతి గందరగోళం కావడం. నిన్న బాగానే మాట్లాడిన మనిషి ఇవాళ గోడ మీద లేని పురుగుల్ని దులుపుతున్నాడంటే, లేదా అస్తమానూ నిద్ర మత్తులో తల వాల్చేస్తున్నాడంటే, అది డిమెన్షియా ముదిరింది అనుకోకు. ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నీళ్ళు తక్కువవడం, కొత్త మందు, మూత్రం ఆగడం, ఏదో ఒకటి ఉంటుంది. అరిచేవాళ్ళని అందరూ గమనిస్తారు, మత్తుగా ఉండేవాళ్ళని ఇవాళ ప్రశాంతంగా ఉన్నారు అని రాసేస్తారు, అదే ప్రమాదం. బీపీ, నాడి, ఊపిరి లాంటివాటికి పాయింట్లు వేసే న్యూస్2 చార్ట్‌లో కొత్తగా వచ్చిన కన్‌ఫ్యూజన్ ఒక్కదానికే 3 పాయింట్లు, ఏదైనా ఒక్కదాంట్లో 3 వస్తే వెంటనే నర్స్‌కి చెప్పాల్సిందే, మిగతావన్నీ నార్మల్ ఉన్నా సరే. ఆయన ఎప్పుడూ అంతేగా అనే మాట నీ నోట రాకూడదు, నిన్న ఎలా ఉన్నారో నీకు తెలిస్తేనే ఇవాళ మారిందని తెలుస్తుంది. బ్రిస్టల్ స్టూల్ చార్ట్ అని టైప్ 1 నుంచి 7 దాకా బొమ్మలు ఉంటాయి, దొడ్డికి ఎలా వెళ్ళారో రాసేది, అది చూసి మొదట్లో ఇబ్బందిగా అనిపిస్తుంది, కానీ క్లోజపైన్ అనే స్కిజోఫ్రీనియా మందు వేసుకునేవాళ్ళకి మలబద్ధకం ప్రాణం మీదికి రావచ్చు. అలాగే లిథియం అనే బైపోలార్ మందు మీద ఉన్నవాళ్ళకి విరేచనాలు పట్టుకుని చేతులు బాగా వణుకుతున్నాయంటే, నడక తూలుతోందంటే, ఆ నిమిషమే చెప్పాలి.

ఫంక్షనల్ వార్డ్ ఎలా ఉంటుందో ఒక ఆవిడ గురించి చెప్తా. ఎనభై ఒకటో రెండో, భర్త పోయిన ఏడాదికి డిప్రెషన్, అది ఎంత ముదిరిందంటే తన దగ్గర పైసా లేదు, తిన్న ప్రతి ముద్దకీ బిల్లు వేస్తున్నారు, పిల్లల ఇల్లు అమ్ముకోవాల్సి వస్తుంది అని గట్టి నమ్మకం. అందుకని తినదు. నిజానికి ఆవిడకి ఏ లోటూ లేదు. కొత్తగా వచ్చినవాళ్ళం అందరం చేసే పొరపాటు, ఇక్కడ తిండి ఫ్రీ అమ్మా అని పదిసార్లు చెప్పడం. చెప్పేకొద్దీ మనం అబద్ధమాడుతున్నామని ఆవిడకి ఇంకా అనుమానం. అలాగని సరే నేను కడతాలే బిల్లు అనకూడదు, అంటే బిల్లు ఉందని నువ్వూ ఒప్పుకున్నట్టే. నేను చేసింది ఏంటంటే ఆ మాట జోలికే పోకుండా, మీకు చాలా భయంగా ఉంది కదా అని మాత్రం అని, నా టోస్ట్ తెచ్చుకుని ఆవిడ పక్కన కూర్చుని తినడం. ప్లేట్ పెడితే నెట్టేసేది కాబట్టి ప్లేట్ పెట్టలేదు, పేపర్ న్యాప్‌కిన్ మీద అర ముక్క ఆవిడ చేతికి అందేచోట ఉంచి కిటికీలోకి చూస్తూ కూర్చునేదాన్ని. మొదటి రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు మూల కొరికింది. నేను ఏమీ అనలేదు, అబ్బ తిన్నారే అని మెచ్చుకోలేదు, రాసుకున్నా అంతే, పావు ముక్క, 8.40.

ఆవిడకి ఈసీటీ పెట్టారు. కరెంట్ షాక్ అనగానే మనకి సినిమాల్లో చూపించే ఘోరాలు గుర్తొస్తాయి, నేనూ మొదటిసారి తోడు వెళ్ళినప్పుడు కాళ్ళు వణికాయి. మత్తు ఇస్తారు, కండరాలు వదులయ్యే మందు ఇస్తారు, కొన్ని నిమిషాల పని. ఇక్కడ మామూలుగా వారానికి రెండుసార్లు. తిండి మానేసిన ముసలివాళ్ళ డిప్రెషన్‌లో అది పనిచేసినంత వేగంగా పనిచేసేవి తక్కువ. అర్ధరాత్రి నుంచి ఏమీ తినకుండా చూసుకోవడం, తోడు వెళ్ళడం, లేచాక ఎక్కడున్నానో అని కంగారు పడుతుంటే చెయ్యి పట్టుకుని పేరు, చోటు చెప్పడం, జ్ఞాపకం ఏమైనా తగ్గుతోందా గమనించడం, ఇవి నీ పనులు. ఆరోసారి అయ్యాక ఒక పొద్దున ఆవిడ నా టోస్ట్ వైపు చూసి మార్మలేడ్ లేదా అంది. ఇంటికి వెళ్ళే రోజు చెప్పింది, నువ్వు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నావు, అది నాకు గుర్తుంది అని.

మన తెలుగువాళ్ళ విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది నీకు ఎదురయ్యే అవకాశం ఏటేటా పెరుగుతోంది. 1960లు, 70ల్లో మన దగ్గర్నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవాళ్ళు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. డిమెన్షియాలో చాలామందికి తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, చిన్నప్పటి భాష ఎక్కువ కాలం ఉంటుంది. ఒకసారి వేరే వార్డ్‌లో బ్యాంక్ షిఫ్ట్‌కి, అంటే అదనంగా చేసే షిఫ్ట్‌కి, వెళ్తే హ్యాండోవర్‌లో చెప్పారు, ఫలానా ఆయన సాయంత్రమైతే అర్థంలేని శబ్దాలు చేస్తూ తలుపు లాగుతాడు అని. అయిదింటికి వెళ్ళి చూస్తే ఆయన అంటున్నది ‘గేదెకి కుడితి పెట్టారా, ఎవరూ పట్టించుకోరేం’ అని, చక్కటి కృష్ణాజిల్లా తెలుగు. నలభై ఏళ్ళు ఇక్కడ పెద్ద ఉద్యోగం చేసిన మనిషి, పొద్దుగూకే వేళకి ఊళ్ళో కొట్టం దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ‘ఏ గేదె బాబాయ్ గారూ, పాలు బాగా ఇస్తుందా’ అన్నా. చెయ్యి తలుపు మీంచి తీసి నా వైపు తిరిగి చూశాడు చూడు, ఆ చూపు నేను మర్చిపోలేను. ముప్పావు గంట గేదె గురించి చెప్పాడు, కూర్చుని అన్నం తిన్నాడు.

ఇక్కడ చాలామంది అడుగుతారు, గేదెకి కుడితి పెట్టాం అని చెప్పేస్తే అబద్ధం కాదా అని. నేను పెట్టామనీ అనను, గేదె లేదనీ అనను, ఆ మాట వెనక ఉన్నదాన్ని పట్టుకుంటా. ఆయనకి కావాల్సింది ఇంటి బాధ్యత తన మీద ఉంది, ఎవరైనా పట్టించుకోవాలి అన్నది. మా అమ్మ ఎప్పుడొస్తుంది అని తొంభై ఏళ్ళ మనిషి అడిగితే మీ అమ్మ చనిపోయింది అని చెప్పడం ప్రతిసారీ కొత్తగా చావు కబురు చెప్పడమే, వస్తుంది అని చెప్పి కిటికీ దగ్గర కూర్చోబెట్టడం కూడా తప్పే. మీ అమ్మ ఏం వండేది అని అడుగు. ఇక్కడికి దగ్గర్లోనే బ్రాడ్‌ఫర్డ్‌లో పనిచేసిన టామ్ కిట్‌వుడ్ అనే ఆయన డిమెన్షియా ఉన్నా మనిషి మనిషే, ముందు మనిషిని చూడు అని జీవితమంతా చెప్పి 1998లో పోయారు, ఇక్కడి ట్రైనింగ్‌లో ఆయన మాట లేకుండా ఉండదు.

ఆ రోజు షిఫ్ట్ అయ్యే లోపల ఒక కాగితం మీద నీళ్ళు, నొప్పి, ఆకలి, బాత్రూం, కూర్చోండి, భయం లేదు ఇలాంటి పన్నెండు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఆయన గదిలో అతికించి వచ్చా, వాళ్ళ అమ్మాయితో మాట్లాడి అల్జీమర్స్ సొసైటీ వాళ్ళ ‘దిస్ ఈజ్ మీ’ అనే ఫారం నింపించాం, అందులో ఆయన పెరుగన్నం తింటారని, బ్రెడ్ ముట్టరని మొదటిసారి ఎక్కింది. ఒక జాగ్రత్త మాత్రం. నీకు తెలుగు వచ్చు కదా అని డాక్టర్లు కెపాసిటీ పరీక్షకో, అంటే తన నిర్ణయం తను తీసుకోగలడా అని చూసేదానికో, ట్రీట్‌మెంట్‌కి ఒప్పుకోవడం గురించో నిన్ను అనువాదం చేయమంటే మర్యాదగా ప్రొఫెషనల్ ఇంటర్‌ప్రిటర్‌ని పిలవమని చెప్పు. ఒక మాట అటూ ఇటూ అయితే ఆ మనిషి జీవితం మీద నిర్ణయం మారిపోతుంది.

కొడతారా అంటే, అప్పుడప్పుడు తగులుతుంది, దాచను. గోళ్ళు గీరడం, చెయ్యి మెలి పెట్టడం, ఒకసారి నా చెంప మీద కప్పు తగిలింది. కానీ ఎక్కువ భాగం పర్సనల్ కేర్ టైమ్‌లోనే జరుగుతుంది, ఎందుకో ఆలోచించు. ఎవరో తెలియని ఇద్దరు వచ్చి నీ దుప్పటి లాగి బట్టలు విప్పుతుంటే నువ్వు ఊరుకుంటావా? నిద్ర లేవగానే వెనక నుంచి కాకుండా ఎదురుగా వచ్చి, కళ్ళకి సమానంగా వంగి, పేరు చెప్పి, ఏం చేయబోతున్నామో ఒక్కొక్కటే చెప్పి, వాళ్ళు ఊ అనేదాకా ఆగి, టవల్ ముందుగా వెచ్చగా పెట్టుకుని, ఒంటి మీద ఎక్కడ తుడుస్తున్నామో అదొక్కటే బయటపెట్టి మిగతాది కప్పి ఉంచితే, సగం గొడవ ఉండదు. వద్దంటే వదిలెయ్, అరగంట ఆగి వేరే మనిషి వెళ్ళాలి. ఒక పూట స్నానం మానితే ఎవరికీ ఏమీ కాదు. పట్టుకుని ఆపడం నేర్పిస్తారు, కానీ అది చివరి దారి, ముసలివాళ్ళ ఎముకలు, చర్మం ఎలా ఉంటాయో నీకు తెలుసు. ఒలాసెనీ లూయిస్ అనే యువకుడు 2010లో మెంటల్ హాస్పిటల్‌లో పోలీసులు పట్టుకుని ఆపాక చనిపోయాడు, వాళ్ళ అమ్మానాన్నలు పోరాడితే 2018లో చట్టం వచ్చింది, సెనీస్ లా అంటారు, ఎవరినైనా బలంగా పట్టుకుంటే ఎందుకు, ఎలా, ఎంతసేపు అన్నది రికార్డ్ చేయాలి. నీకు దెబ్బ తగిలినా ఇన్సిడెంట్ ఫారం తప్పకుండా నింపు. మన ఆడవాళ్ళు పోన్లే పాపం అని వదిలేస్తారు, వదిలేస్తే ఎక్కువ స్టాఫ్ కావాలని అడగడానికి వార్డ్ దగ్గర ఆధారమే ఉండదు.

రంగు గురించి, యాస గురించి మాటలు కూడా పడతాయి. జబ్బు వల్ల అనేవాళ్ళు ఉంటారు, ఊరికే అనేవాళ్ళూ ఉంటారు. రెండూ రిపోర్ట్ చెయ్యి. మొదటి రకం వాళ్ళ మీద కోపం పెట్టుకోకుండా ఉండడం నాకు రెండేళ్ళు పట్టింది.

వన్ టు వన్ అబ్జర్వేషన్ గురించి ఇంటర్వ్యూలో అడగొచ్చు. చనిపోవాలనే ఆలోచన ఉన్నవాళ్ళని, పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్ళని ఎప్పుడూ కంటికి కనపడేలా లేదా చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంచుతారు. మామూలుగా రెండు గంటలకి మించి ఒకే మనిషిని కూర్చోబెట్టకూడదు. గంటకి ఇన్నిసార్లు అని చూసే రకం అయితే సరిగ్గా పావుగంటకొకసారి గడియారంలా వెళ్ళకు, టైమ్ మార్చి మార్చి వెళ్ళు. వెళ్ళకుండా వెళ్ళినట్టు టిక్ పెట్టడం అన్నది ఎంత రద్దీలో అయినా, ఎవరు చెప్పినా చేయకు. ఫోన్ చూస్తూ కూర్చోకు. మీ మనసులో చనిపోవాలని ఉందా అని అడగడానికి భయపడకు, అడిగితే ఆలోచన పుట్టదు, అడిగినందుకు ఊపిరి పీల్చుకున్నవాళ్ళనే నేను చూశా. ఎవరికీ చెప్పకు అని నీతో అంటే, అది నా ఒక్కదాని దగ్గర ఉంచుకోలేను అని వాళ్ళ ముందే చెప్పి నర్స్ దగ్గరికి వెళ్ళు.

ఇంత చదివి ప్యాడ్లు మార్చడమా అన్నదానికి. అవును, మారుస్తావు, రోజూ. మా అమ్మమ్మకి చివర్లో మతి తప్పింది, చాదస్తం అనేవాళ్ళు, వసారాలో నులకమంచం మీద పడుకోబెట్టి మా అమ్మ ఒక్కతే ఆరేళ్ళు చేసింది, ఆ పనికి పేరు లేదు, జీతం లేదు, నడుం నొప్పి మాత్రం మిగిలింది. ఇక్కడ ఆ పనికి ట్రైనింగ్ ఉంది, సెలవులు ఉన్నాయి, పెన్షన్ ఉంది. ఇంగ్లండ్‌లో జీతం గ్రేడ్ బ్యాండ్ 3 అయితే రాత్రులకి, శనివారాలకి 35 శాతం, ఆదివారాలకి, బ్యాంక్ హాలిడేలకి 69 శాతం ఎక్కువ ఇస్తారు. డిపెండెంట్ వీసా మీద ఉన్నావు కాబట్టి నీకు ఈ పనికి వేరే స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు, అది పెద్ద అదృష్టం. కేర్ వర్కర్ వీసా మీద ఏజెంట్లకి లక్షలు పోసి వచ్చి మోసపోయినవాళ్ళు మన ఊళ్ళవాళ్ళే ఎంతమందో, 2025 జులై 22 నుంచి బయటి దేశాల నుంచి కొత్తగా ఆ వీసాకి తీసుకోవడమే ఆపేశారు, ఎవరైనా ఇంకా ఇప్పిస్తామంటే నమ్మొద్దని మీవాళ్ళకి చెప్పు. ముందుకి వెళ్ళాలంటే నర్సింగ్ అసోసియేట్, అంటే సపోర్ట్ వర్కర్‌కీ నర్స్‌కీ మధ్య ఉద్యోగం, దానికి అప్రెంటిస్‌షిప్ ఉంది, జీతం తీసుకుంటూ చదవొచ్చు, అక్కడి నుంచి నర్స్ కూడా అవ్వచ్చు. నీకు ఇష్టం లేకపోతే ఏడాది చేసి సివిల్ వైపు వెళ్ళు, తప్పేం లేదు. ఇష్టం లేకుండా ఏళ్ళ తరబడి మాత్రం ఉండకు, పేషెంట్లకి అది వెంటనే తెలిసిపోతుంది, మాట పోయినవాళ్ళకి ఇంకా ముందు.

ఇంటర్వ్యూకి, డిగ్రీ గురించి ఎక్కువ చెప్పకు. మీ ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకున్నది ఒక్కటి నిజంగా జరిగినది చెప్పు, నువ్వేం గమనించావు, ఏం చేశావు, దాని వల్ల ఏమైంది అని. తోటి స్టాఫ్ పేషెంట్‌ని గద్దిస్తుంటే ఏం చేస్తావు అని తప్పకుండా అడుగుతారు. అక్కడే పేషెంట్‌ని పక్కకి తీసుకెళ్ళి సేఫ్‌గా చూసుకుంటా, వెంటనే నర్స్ ఇన్ ఛార్జ్‌కి చెప్తా, రాసి పెడతా, పట్టించుకోకపోతే పై వాళ్ళకి చెప్తా అను, అని ఊరుకోకుండా నిజంగా చెయ్యి కూడా. పేషెంట్ అన్నం వద్దంటే, మందు వద్దంటే ఏం చేస్తావు అంటే, బలవంతం చేయను, కారణం కనుక్కుంటా, మళ్ళీ అడుగుతా, నర్స్‌కి చెప్తా అను. 2005 మెంటల్ కెపాసిటీ యాక్ట్‌లో మొదటి సూత్రం, కాదని తేలేదాకా ప్రతి మనిషీ తన నిర్ణయం తను తీసుకోగలడనే అనుకోవాలి, ఆ ఒక్కటి నీ మాటల్లో చెప్పగలిగితే చాలు. ముందే ఫోన్ చేసి వార్డ్ చూడనిస్తారా అని అడుగు, చాలా చోట్ల ఒప్పుకుంటారు.

ఇది చదివి మా నాన్నకీ ఇలాగే ఉంది, ఇండియాలో ఉన్నారు అని నాకు విడిగా రాసేవాళ్ళు ఉంటారని తెలుసు, వాళ్ళకి ఒక్క మాట. వయసు మీద పడింది, చాదస్తం అని వదిలేయకండి, ఉన్నట్టుండి మారితే ముందు ఒంట్లో ఏముందో డాక్టర్‌కి చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, పెద్దవాళ్ళ కోసం ఎల్డర్‌లైన్ 14567.

తాళి సంగతి. మోచేతి కింద ఏమీ ఉండకూడదు, గాజులు, వాచీ కుదరవు, సాదా ఉంగరం ఒకటి ఒప్పుకుంటారు. మెడలో గొలుసు అయితే ఇన్ఫెక్షన్ రూల్ ఒకటి, అంతకంటే ముందు పేషెంట్ భయంలో పట్టుకుని లాగితే నీ మెడకి, వాళ్ళ వేలికి కూడా ప్రమాదం. మతపరంగా కావాలంటే మేనేజర్‌తో మాట్లాడొచ్చు, వింటారు. నేనైతే మొదటి నెల లోపల దాచి వేసుకున్నా, ఒక పెద్దావిడ మంచం మీద నుంచి లేస్తూ ఆసరాకి నా మెడ దగ్గర పట్టుకుంది, గొలుసు తెగింది, ఆవిడ తూలింది, పడలేదు దేవుడి దయ. అప్పటి నుంచి షిఫ్ట్‌కి ముందు తీసి దేవుడి గూట్లో పెట్టి వెళ్తున్నా, పసుపు తాడులోని ఒక పూస మా ఆయన పర్సులో ఉంటుంది. మెట్టెలు ఉంచుకో, బూట్ల లోపల ఎవరికీ కనపడవు, కాకపోతే పన్నెండు గంటలు నిలబడతావు కాబట్టి బూట్లు ఒక సైజు వదులుగా కొనుక్కో.